చుక్కల మందు

అరండల్‌పేట తొమ్మిదో లైన్లో
మా డీటీపీ సెంటరు మెట్ల కింద ఉంటుంది.
రోజంతా నెత్తి మీద ఎవరి చెప్పులో దిగుతుంటాయి.
ముక్తేశ్వరరావు మాస్టారి రాతప్రతి టైపు చేస్తున్నాను,
పేజీకి ముప్పై రూపాయలు.
పాత చైనా పద్యాలట.
రిటైరైన నాటి నుంచీ ఇంగ్లీషులోంచి దించుతున్నారు
ఆకుపచ్చ సిరాతో.

పరీక్ష తప్పి ఇంటికి మొహం చూపించలేని కొడుకులు,
కొలువు దొరికేసరికి అమ్మ లేని కొడుకులు,
అంతా కొడుకులే ఆ కట్టలో.
కూతురొక్కతీ లేదేం సార్ అంటే
రాయనిచ్చి ఉండరమ్మా అన్నారు.

అందరూ ఒక్క మాట దగ్గరే ఆగిపోతారు.
దానికి మాస్టారు ‘కృతజ్ఞత’ అని రాసి కొట్టేశారు.
‘రుణం’ అని రాసి, అదీ కొట్టేశారు.
ఖాళీ వదిలి పక్కన పెన్సిలుతో:
సలోమీ, నీకేమన్నా తోస్తే చెప్పు.

నాకేం తోస్తుంది సార్.

మా అమ్మ సువార్తమ్మ
మిర్చియార్డు అవతల కోల్డ్ స్టోరేజీ రేకుల కింద
ఇరవై రెండేళ్లు కాయలకి ముచ్చికలు తుంచింది.
తేజాలు ఒక కుప్ప, తాలు ఒక కుప్ప,
దగ్గు ఇంటికి.
ఆ వేళ్ల మంట దేనికీ లొంగేది కాదు.
ఉప్పుతో రుద్దేది, మజ్జిగలో ముంచేది,
కొబ్బరినూనె పట్టించేది.
అయినా అన్నం కలిపితే
పప్పులో వెయ్యని కారం ముద్దకి తగిలేది.
అందుకే నాకు చెంచాతో పెట్టేది.
సువార్తమ్మ దొరసాని అని నవ్వేది వీధి.

జ్వరమొస్తే నుదురు మోచేత్తో చూసేది.
ఏడిస్తే మోచేత్తో తుడిచేది.
స్కూల్లో ఫొటో తీసే రోజు కాటుక కోసం
పక్కింటి నాంచారమ్మ దగ్గరికి తోలి,
ఆమె నా రెప్ప పట్టుకుని దిద్దుతుంటే
చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని
షాపు అద్దం బయట నిలబడ్డట్టు చూసేది.

ఏడేళ్లప్పుడు అడిగేశాను,
నన్ను ముట్టుకోవాలంటే నీకు అసహ్యమా అని.
అమ్మ ఏమీ అనలేదు.
కుడిచేతి బొటనవేలు
నా పెదవికి ఒక్కసారి, అలా, తగిలించింది.
చీకటి పడేదాకా మండింది.
మళ్లీ అడగలేదు.

కంప్యూటరు క్లాసుకి ఫీజు కట్టిన రోజు
అమ్మ ఇచ్చిన నోట్లు లెక్కపెడుతూ
క్లర్కు నాలుగుసార్లు తుమ్మాడు.
జలుబనుకున్నాడు పాపం.

పోయిన మంగళవారం అమ్మకి కుడికంటి శుక్లం తీశారు.
రోజుకి ఆరుసార్లు చుక్కలు,
చేతులు శుభ్రంగా కడుక్కుని వెయ్యాలి, అన్నాడు డాక్టరు.

నేను మిరపకాయ ముట్టి ఎన్నేళ్లయిందో,
కారప్పొడి కూడా ప్యాకెట్టే.
అయినా సబ్బుతో ఒకసారి, మళ్లీ ఒకసారి,
గోళ్ల సందుల్లో పాత బ్రష్షుతో ఒకసారి.
మంచం మీంచి అమ్మ:
చాల్లేవే, నువ్వేమన్నా టిక్కీలు మోసొచ్చావా?
వేలు నాలుక మీద పెట్టి చూసుకున్నాను.
ఏ రుచీ లేదు.
ఏ రుచీ లేని ఈ వేళ్లు
ఎవరు చేసిచ్చారో అప్పుడు తెలిసి
కాసేపు కుళాయి కట్టెయ్యడం మర్చిపోయాను.

కింది రెప్ప లాగి పట్టుకున్నాను.
ఇంత దగ్గరగా అమ్మ కన్ను చూడలేదెప్పుడూ.
గోధుమరంగు, అంచున సన్నటి నీలం.
చుక్క పడగానే ఉలిక్కిపడింది.
మంటా? అన్నాను.
కాదు, చల్లగా ఉంది అంది.
ఇంకోటి వెయ్యి అంది, ఒక్కటే అని తెలిసీ.

రేపు ప్రూఫులకి మాస్టారొస్తారు.
ఖాళీ అలాగే ఉంది, కర్సరు రెప్పలాడిస్తూ.
‘మోచెయ్యి’ అని కొట్టాను.
చైనా కొడుకులకి అర్థం కాదేమోనని చెరిపేశాను.
మళ్లీ కొట్టాను.

నాలుగైంది.
చేతులు కడుక్కోవాలి.